కుండీలలో పూలగడ్డల కుళ్ళు – నివారణ

నేలసంపెంగను అంగడిలో లిల్లీ అంటారు. ఉర్దూలో అది గుల్-ఎ-షబ్బో. మెక్సికో దేశం నుండి వచ్చిన ఈ మొక్క, పెద్ద ఎర్రపూల హిప్పియాస్ట్రమ్, తొలకరికి పూచే ఫుట్‌బాల్ లిల్లీ మొదలైనవాటిని మనం గడ్డలు నాటి పెంచుతాము. ఒక్క గడ్డ కొన్ని ఏండ్లలో కుండీ నిండ పిల్లలు పెడుతుంది. కుళ్ళు సోకినచో ఆ సంతానమంతా ఒక్క వానకాలంలోనే నశిస్తుంది.

ఈ నష్టానికి మూలం చాలవరకు మన దయాగుణమే. వేరు కూడ ఊపిరి తీసుకొంటుంది. మట్టి రంధ్రాలను నీరు నింపివేస్తే గాలి అందక వేరు చచ్చి, ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూచి దాహమని తలచి మరొక చెంబెడు నీరు పోస్తాము. పల్నాటి ఎండలకు అలవాటుపడిన మనకు ఇది సహజమైన పొరపాటు. అందువలన ఆకును చూచి నీరు పోయరాదు. రెండంగుళాల లోతు వరకు వ్రేలు గ్రుచ్చి చూడవలెను. లోపల తడి ఉండగా ఆకు వాడినదంటే, మొక్కను పెకలించి గడ్డను పరీక్షించవలసినదే.

నడికుడి పరిసరాలలోని నల్లరేగడి ప్రత్తికి, మిరపకు మేలైనదే గాని కుండీకి తగదు. తడిసి ఉబ్బి, నీటిని విడువదు. ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపితే సరిపోతుంది. ఇసుకకు బదులు మన సున్నపురాతి పొడిని కలుపరాదు. దానివలన మట్టిలో క్షారగుణం పెరిగి, ఇనుము అందక ఆకులు పసుపుబారుతాయి. కుండీ అడుగున గులకరాళ్ళు దట్టంగా పరచే ఆచారం కూడ మేలు చేయదు. పైమట్టి పూర్తిగా నానిన పిదప గాని నీరు ఆ రాళ్ళలోనికి దిగదు. రంధ్రంపై ఒక పెంకుముక్క చాలును. నాపరాళ్ళ ముంగిలిలో మరొక చిక్కు ఉన్నది: చదునైన రాతిమీద కుండీ అడుగు అతుక్కొని రంధ్రం మూసుకొంటుంది. మూడు ఇటుకముక్కలపై నిలిపితే ఆ బాధ తీరుతుంది.

హిప్పియాస్ట్రమ్ గడ్డ మెడభాగం మట్టికి పైన ఉండవలెను. నాటిననాడు ఒకసారి తడిపి, మొలక కనిపించేవరకు మితంగా పోయవలెను. త్రవ్వితీసిన గడ్డలను నీడలో ఆరబెట్టి, గాలి తగిలేచోట పలుచగా పరచవలెను. గాయపడినవాటిని వేరు చేయవలెను.

మొదట తెల్లని దారాలు, పిదప ఆవగింజలవంటి గోధుమరంగు గింజలు కనబడితే అది స్క్లెరోషియం రాల్ఫ్సై అనే శిలీంధ్రం. ఆ గింజలు మట్టిలో ఏండ్ల తరబడి బ్రతుకుతాయి. మెత్తబడి దుర్వాసన కొట్టే గడ్డ బాక్టీరియా పాలైనది. దానిని మందు బ్రతికించలేదు. రోగం సోకిన మొక్కను కాల్చివేసి, ఇరుగుపొరుగు కుండీలలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయవచ్చును.

రోగపు మట్టికి మన ఎండయే మందు. పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా క్రింద తడిమట్టిని ఎండకు కాచే పద్ధతిని 1976లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు కాటన్, అతని సహచరులు ప్రకటించారు. ఏప్రిల్, మే నెలలలో మట్టిని తడిపి, జానెడుకు మించని మందంలో పరచి, పట్టా అంచులను మట్టితో మూసి నాలుగు నుండి ఆరు వారాలు ఉంచవలెను. రెంటచింతల ఎండలు పేరుపొందిన ఈ సీమలో దీనికి ఖర్చు పట్టా వెల మాత్రమే.