జోస్యము కాదు, అందాజు: బాస్కెట్‌బాల్ జట్ల జయాపజయములను ముందుగా లెక్కించుట

'అందాజు' అను మాట ఫారసీ నుండి ఉర్దూలోనికి, ఉర్దూ నుండి మన తెలుగులోనికి వచ్చి స్థిరపడినది. తెలంగాణ రైతు చేనిగట్టున నిలబడి "అందాజుగా ఇరవై బస్తాలు" అన్నప్పుడు అతడు జోస్యము చెప్పుట లేదు. పైరు ఒత్తు, వెన్ను బరువు, కురిసిన వాన, నిరుటి దిగుబడి మనస్సులో తూచి ఒక సంఖ్య చెప్పుచున్నాడు. ఉగాదినాడు పంచాంగ శ్రవణములో వినిపించు ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు వేరు జాతివి. అవి తప్పినచో సిద్ధాంతిగారిని ఎవరును నిలదీయరు. అందాజు తప్పినచో రైతే అప్పులపాలగును. అందువలన అతని లెక్కలో ఒక జాగ్రత్త ఉండును.

తెలుగు పాఠము చెప్పుకొను వానికి అమెరికా బాస్కెట్‌బాల్‌తో పనియేమని పాఠకులు అడుగవచ్చును. విద్యార్థి దశలో నేను కళాశాల జట్టులో ఉంటిని. ఆడినదానికన్న బల్లమీద కూర్చున్నదే ఎక్కువ. కూర్చున్నవానికి లెక్కలు వ్రాయు పని అప్పగించుట ఆనాటి ఆచారము. ఆ అలవాటు నన్ను విడువలేదు. రెండవ కారణమొకటి ఉన్నది; దానిని పిమ్మట చెప్పెదను.

అమెరికాలోని వృత్తి క్రీడాకారుల సంఘమైన ఎన్.బి.ఏ.లో 30 జట్లు ఉన్నవి. అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు ఒక్కొక్క జట్టు 82 ఆటలు ఆడును. ప్రతి ఆటలో రెండు జట్లు ఉండును కనుక మొత్తము ఆటలు 1230. బాస్కెట్‌బాల్‌లో సమానముగా ముగియుట లేదు కనుక మొత్తము విజయములును 1230 మాత్రమే. ఈ చిన్న విషయము మొదటనే గుర్తుంచుకొనవలెను. ఒకసారి మా విద్యార్థులచే ముప్పది జట్ల విజయములను ఊహించి వ్రాయించితిని. కూడి చూడగా మొత్తము 1230 కంటె నూటికి పైగా ఎక్కువైనది! ప్రతి జట్టునందును ఏదో ఒక మంచి కనిపించుట మానవ స్వభావము. ఒకరి గెలుపు మరియొకరి ఓటమి అను సంగతి కాగితము మీద కూడినప్పుడు గాని తెలియదు.

అంచనా వేయువాడు మొదట చూడవలసినది నిరుటి విజయముల సంఖ్య అని చాలమంది తలంతురు. అది పొరపాటు. చూడవలసినది పాయింట్ల తేడా, అనగా జట్టు సగటున ఒక ఆటకు ఎన్ని పాయింట్లు సాధించినది, ఎదుటివారికి ఎన్ని ఇచ్చినది అనునది. ఒక పాయింటుతో గెలిచినను, ముప్పది పాయింట్లతో గెలిచినను విజయము ఒక్కటే. కాని ఒక పాయింటు గెలుపులో అదృష్టము పాలెక్కువ. చివరి క్షణమున బంతి రింగును తాకి లోపల పడెనా, బయట పడెనా అన్నదానిపై తీర్పు ఆధారపడును. అటువంటి అదృష్టము మరుసటి యేడు తోడు రాదు.

బేస్‌బాల్ లెక్కలలో పేరొందిన బిల్ జేమ్స్ దీనికొక సూత్రము కనిపెట్టెను. చేసిన పరుగుల వర్గమును, చేసిన పరుగుల వర్గము మరియు ఇచ్చిన పరుగుల వర్గముల మొత్తముచే భాగించినచో విజయముల పాలు వచ్చును. వర్గముల కూడిక ఉన్నది కనుక దీనికి పైథాగరస్ పేరు తగిలించిరి. ఆయన లంబకోణ త్రిభుజమునకు దీనితో సంబంధమేమియు లేదు! పిమ్మట డారిల్ మోరీ దీనిని బాస్కెట్‌బాల్‌కు అన్వయించి, అక్కడ ఘాతము 2 చాలదనియు 13.91 ఉండవలెననియు చెప్పెను. మనము 14 అనుకొందము. ఇంత తేడా ఎందులకు? బేస్‌బాల్ ఆటలో పరుగులు నాలుగో అయిదో ఉండును; వాటిలో అదృష్టము సులభముగా దూరును. బాస్కెట్‌బాల్‌లో ఒక్కొక్క జట్టు నూరు పాయింట్లు దాటును. అన్ని ప్రయత్నములలో మంచి జట్టు మంచితనము దాగదు.

2024-25లో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు సగటున 120.5 పాయింట్లు సాధించి 107.6 ఇచ్చినది. సూత్రము ప్రకారము 82 ఆటలలో 68 విజయములు రావలెను. వచ్చినవి సరిగా 68. దీనిని చూచి సూత్రమునకు దండము పెట్టవలదు. 2015-16లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 73 ఆటలు గెలిచి 9 మాత్రమే ఓడి, 1995-96 నాటి షికాగో బుల్స్ 72 విజయముల రికార్డును దాటినది. వారి పాయింట్లు 114.9, ఇచ్చినవి 104.1. సూత్రము చెప్పునది 65 లేక 66. మిగిలిన ఏడెనిమిది విజయములు దగ్గరి ఆటలలో దొరికినవి. ఆ సంవత్సరము తుది పోటీలో వారు 3-1 ఆధిక్యములో నుండియు క్లీవ్‌లాండ్ చేతిలో 4-3తో ఓడిరి.

మరుసటి వేసవిలో ఆ జట్టులోనికి కెవిన్ డ్యూరంట్ వచ్చెను. 73 విజయముల జట్టునకు అంతటివాడు చేరినచో ఇక ఎన్ని గెలుచునో అని లోకము నోరు తెరచినది. 2016-17లో వారు గెలిచినది 67. ఆరు తగ్గినవి! కాని పాయింట్ల తేడా పెరిగినది. తుది దశలలో 16 గెలిచి ఒకటి మాత్రమే ఓడి విజేతలైరి. జట్టు బలపడినది, విజయముల సంఖ్య తగ్గినది. ఈ రెండు మాటలును ఏకకాలమున నిజములు. నిరుటి 73ను పట్టుకొని దానిపై కూడిన వానికి ఈ సంగతి అర్థము కాదు. అదియుగాక, వచ్చినవానిని లెక్కించి పోయినవారిని మరచుట లోకరీతి. డ్యూరంట్‌కు చోటిచ్చుటకై హారిసన్ బార్న్స్, ఆండ్రూ బోగట్ ఇద్దరును డాలస్ జట్టుకు పోయిరి.

ఇక రెండవ మెట్టు. నిరుడు చాల బాగుగా ఆడిన జట్టు ఈ యేడు కొంత దిగును. చాల చెడ్డగా ఆడినది కొంత ఎక్కును. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల పొడవును, సంతానపు పొడవును పోల్చి ఈ విషయమును లోకమునకు చూపెను. మిక్కిలి పొడవైనవారి బిడ్డలు పొడవుగనే యుందురు గాని, సగటున తల్లిదండ్రులంత ఉండరు. శిఖరమునకు చేరుటకు సామర్థ్యము, అదృష్టము రెండును కలిసి రావలెను. సామర్థ్యము నిలుచును, అదృష్టము నిలువదు. కనుక నేను నిరుటి పాయింట్ల తేడాలో నాల్గవ వంతు తీసివేసి లెక్క ప్రారంభింతును. నాల్గవ వంతే ఎందుకు, మూడవ వంతు కారాదా యని అడిగినచో వాదింపను. ఏమియు తీయనివాడే నా దృష్టిలో దోషి. తరువాత, మధ్యతరగతి జట్లకు ఒక్కొక్క పాయింటు తేడాకు సుమారు రెండున్నర విజయములు చొప్పున, 82లో సగమైన 41కి కూడవలెను, లేదా తీయవలెను.

అసలు కష్టము మూడవ మెట్టులో ఉన్నది. అది మనుష్యుల లెక్క.

బాస్కెట్‌బాల్ ఆట 48 నిమిషములు. ఒకేసారి ఆడువారు అయిదుగురు. అనగా ఒక జట్టు ఒక ఆటలో పంచుకొనవలసినది 240 నిమిషములు, సంవత్సరమంతటికి 19,680. అంచనా వేయువాడు ఇంటి యజమాని నెల జీతమును పద్దులవారీగా పంచినట్లు ఈ నిమిషములను పంచవలెను. పెద్ద ఆటగానికి ఆటకు 36 నిమిషములు, 75 ఆటలు అనుకొన్నచో 2,700. అతడు గాయపడినచో ఆ 2,700 నిమిషములు మాయమగునా? కావు. బల్లమీది వానికి పోవును. కనుక ఒకని విలువ అనగా అతనికిని, అతని స్థానమున నిలుచువానికిని గల తేడా.

బల్లమీది వాని విలువ 1996-97లో శాన్ అంటోనియో స్పర్స్ జట్టుకు బాగుగా తెలిసినది. అంతకు ముందు సంవత్సరము వారు 59 గెలిచి 23 ఓడిరి. ఆ యేడు వారి మూలస్తంభమైన డేవిడ్ రాబిన్సన్ గాయముల వలన ఆరు ఆటలే ఆడెను. ఫలితము 20 విజయములు, 62 ఓటములు. ఏ సూత్రము దీనిని ముందు చెప్పగలదు? కథ అంతటితో ఆగలేదు. ఓడిన జట్లకు కొత్త ఆటగాండ్రను ముందుగా ఎంచుకొను అవకాశము చీట్ల ద్వారా ఇచ్చు పద్ధతి 1985 నుండి ఉన్నది. 1997లో ఎక్కువ అవకాశము బోస్టన్‌కు ఉండగా చీటి శాన్ అంటోనియోకు పడినది. టిమ్ డంకన్ వారివాడయ్యెను. రాబిన్సన్ కోలుకొని వచ్చెను. మరుసటి యేడు 56 విజయములు, 1999లో విజేతృత్వము.

చీటి సంగతి వచ్చినది కనుక దానికన్న పాతదొకటి చెప్పవలెను. 1969లో తొలి ఎంపిక ఎవరిదో తేల్చుటకు ఫీనిక్స్, మిల్వాకీ జట్ల మధ్య నాణెము ఎగురవేసిరి. ఫీనిక్స్ బొమ్మ కోరినది, బొరుసు పడినది. మిల్వాకీకి దక్కిన యువకుడే పిమ్మట కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా ప్రసిద్ధుడైనవాడు. 27 విజయముల మిల్వాకీ ఒక్క సంవత్సరములో 56కు ఎగబ్రాకి, 1971లో విజేతయైనది. ఒక నాణెము ఎటు పడినదన్న దానిపై రెండు నగరముల భాగ్యము మారినది.

పెద్ద పేర్లను పోగుచేసినచో విజయము వచ్చునా? 2007లో బోస్టన్ సెల్టిక్స్ వారు కెవిన్ గార్నెట్, రే అలెన్‌లను తెచ్చుకొని 24 విజయముల నుండి 66కు చేరి విజేతలైరి. ఇది చదివి ఉత్సాహపడినవారు 2012-13 లేకర్స్ కథ కూడ చదువవలెను. కోబీ బ్రయంట్, పావ్ గాసోల్ ఉన్న జట్టులోనికి డ్వైట్ హోవర్డ్, స్టీవ్ నాష్ వచ్చిరి. నాష్ వయస్సు 38. రెండవ ఆటలోనే కాలి ఎముక చిట్లినది. అయిదు ఆటలు కాగానే శిక్షకుని తొలగించిరి. ఏప్రిల్‌లో బ్రయంట్ మడమ నరము తెగినది. మొత్తము 45 విజయములు, తుది దశలో మొదటి మెట్టునందే నాలుగుకు నాలుగు ఓటములు. ఇందులో కొంత దురదృష్టమే గాని, అంతయు కాదు. ముప్పది దాటిన దేహములను పేరు కాపాడదు. ఆటగాని బలము సుమారు ఇరువదియేడవ యేట పరాకాష్ఠకు చేరి, ఆపైన మెల్లగా దిగును.

ఇది నియమము గాని శాసనము కాదు. 1994-95లో హ్యూస్టన్ రాకెట్స్ 47 ఆటలే గెలిచి తమ విభాగమున ఆరవ స్థానముతో తుది దశకు వచ్చిరి. వారి నాయకుడు హకీమ్ ఒలాజువాన్‌కు ముప్పది రెండేండ్లు. ఆ ఫిబ్రవరి రంజాన్ మాసము. ఉపవాసముండియు ఆడి, ఆ నెల ఉత్తమ క్రీడాకారుడుగా ఎంపికయ్యెను. జూన్‌లో జట్టు విజేతయైనది. ఆరవ స్థానము నుండి ఆ పీఠమెక్కిన జట్టు అంతకుముందు లేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. జట్టు బలమును తప్పులేకుండ తెలిసికొన్నచో అంచనా తప్పకుండునా? ఉండదు. సరిగా సగము బలము గల జట్టును తీసికొనుడు. దాని ప్రతి ఆటయు నాణెము ఎగురవేయుట వంటిది. 82 సార్లు ఎగురవేసినచో సగటున 41 బొమ్మలు పడును. కాని ప్రామాణిక విచలనము నాలుగున్నర. మూడింట రెండు వంతులు 36కు, 46కు మధ్య ఉండును. ఇరువదింట పందొమ్మిది సార్లు 32కు, 50కి మధ్య ఉండును. 32 గెలిచిన జట్టు శిక్షకుని ఉద్యోగము పోవచ్చును. 50 గెలిచినవానికి సన్మానము జరుగవచ్చును. బలము ఒక్కటే! ఈ లెక్క చూచిన నాటి నుండి పరీక్షా ఫలితముల పట్టికను చూచు నా చూపు కూడ కొంత మారినది.

ఇక దాచిన రెండవ కారణము. అమెరికా సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పుతో అక్కడి రాష్ట్రములు క్రీడా పందెములను అనుమతించుటకు దారి తెరచుకొన్నది. ప్రతి జట్టుకు 48న్నర, 31న్నర అని ఒక అంకె కట్టుదురు; దాటునా, దాటదా అన్నది పందెము. 2024లో టొరొంటో ఆటగాడొకడు పందెగాండ్రకు లోపలి సమాచారమిచ్చి జీవితాంతము బహిష్కృతుడయ్యెను. ఇక్కడ తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైన్ పందెములను నిషేధించినను, చేతిలోని ఫోనుకు సరిహద్దులు తెలియవు. నా తరగతిలోని ఒక బాలుడు పరీక్ష రుసుము డబ్బును ఇట్టి పందెములో పోగొట్టుకొనెను. "సార్, లెక్క వేసియే పెట్టినాను" అని నా ముందు నిలబడి అనెను. కాగితము చూపుమంటిని. లెక్క నిజముగనే ఉన్నది. పాయింట్ల తేడా కూడ తీసినాడు. అంకె పక్కన 'ఎంతవరకు తప్పవచ్చును' అన్న గడి మాత్రము లేదు. పందెము కట్టించుకొనువానికి ఆ గడి తెలియును. అతని బ్రతుకంతయు అందులోనే ఉన్నది. తన పాలు ముందే తీసికొనును కనుక సగము సార్లు సరిగా చెప్పినవాడు కూడ అతని వద్ద నష్టపోవును.

రుసుము సంగతి అధ్యాపకులము కలిసి సర్దితిమి. వాని తండ్రికి చెప్పలేదు. చెప్పకుండుట సరియో కాదో ఇప్పటికిని నాకు నిశ్చయము లేదు.

ఆ పిమ్మట అక్టోబరులో మా విద్యార్థులు పదునొకండుగురు ముప్పది జట్లకు అంచనాలు వ్రాసి, మొత్తము 1230కి సరిచూచి, ప్రతి అంకె పక్కన క్రింది హద్దు, పై హద్దు గీసి కవరులో పెట్టి అంటించిరి. పైసా పందెము లేదు. ఆ బాలుడు గీసిన హద్దులు అందరికన్న వెడల్పుగా ఉన్నవి, తోటివారు నవ్విరి. కవరు నా బీరువాలో ఉన్నది. ఏప్రిల్‌లో చివరి ఆట ముగిసిన మరునాడు తెరచెదము.