పికప్ సైడ్ మిర్రర్ వణుకుతోందా? ఫోన్ స్లో మోషన్‌తో కారణం పట్టేయండి

వరి కోతల టైమ్‌లో బీర్కూర్ నుంచి బాన్సువాడ వైపు వడ్ల బస్తాలతో వెళ్లే పికప్‌లను ఊహించుకోండి. లోడ్ క్యాబిన్ కంటే వెడల్పుగా ఉంటే కంపెనీ అద్దంలో వెనక రోడ్డు సరిగ్గా కనపడదు. అందుకే కొందరు బయట మార్కెట్లో దొరికే పొడవాటి రాడ్ మిర్రర్లు బిగిస్తారు. అమెరికాలో ట్రైలర్ లాగే పికప్‌లకు పెట్టే టోయింగ్ మిర్రర్ల పని కూడా ఇదే. రెండింటికీ ఉన్న తలనొప్పి ఒక్కటే: వణుకు.

దీన్ని లైట్ తీసుకోవద్దు. అద్దం అర డిగ్రీ కదిలితే మీ చూపు ఒక డిగ్రీ పక్కకు జరుగుతుంది. 30 మీటర్ల వెనక అది దాదాపు అర మీటరు! రాత్రిపూట వెనక వచ్చే బైక్ హెడ్‌లైట్ గీతలా సాగిపోతుంది. అది ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు.

నట్లు టైట్ చేసే ముందు అసలు కారణం కనుక్కుందాం. 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ ఉన్న ఫోన్ చాలు.

టెస్ట్ 1: ఇంజన్ ఐడిల్‌లో

బండి ఆపి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆన్‌లో ఉంచండి. మీరు నేల మీద నిలబడి, బండిని తాకకుండా మిర్రర్‌ను షూట్ చేయండి. తర్వాత వీడియోను ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, అద్దం ఒకసారి ఊగి తిరిగి రావడానికి ఎన్ని ఫ్రేమ్‌లు పట్టిందో లెక్కపెట్టండి. 9 ఫ్రేమ్‌లు అయితే 240ని 9తో భాగించండి: సుమారు 27 హెర్ట్జ్.

4 సిలిండర్ల ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 27 సార్లు ఫైర్ అవుతుంది. లెక్క కలిసిందంటే వణికిస్తున్నది ఇంజనే. 3 సిలిండర్లయితే అదే ఆర్‌పీఎంకి 20 వస్తుంది.

మామూలు 30 ఎఫ్‌పీఎస్ వీడియోను నమ్మొద్దు. 27 హెర్ట్జ్ వణుకు అందులో సెకనుకు 3 సార్లు మెల్లగా ఊగుతున్నట్టు కనిపిస్తుంది.

టెస్ట్ 2: ఇంజన్ ఆఫ్‌లో

ఇప్పుడు మిర్రర్‌ను చేత్తో ఒక్కసారి తట్టి షూట్ చేయండి. వచ్చేది మిర్రర్ సొంత ఫ్రీక్వెన్సీ. ఇది కూడా 27 దగ్గరే ఉందా? అయితే ఇది రెజొనెన్స్. ఊయల ఊగే తాళానికే తోస్తే ఎలా పెరుగుతుందో, ఇక్కడా అంతే.

ఐడిల్‌లో బాగానే ఉండి రోడ్డు మీదే వణుకుతుంటే, అదే స్పీడ్‌లో గేర్ మార్చి చూడండి. తేడా లేకపోతే అనుమానం టైరు బ్యాలెన్స్ మీద, గాలి మీద పెట్టండి. ఈ టెస్ట్‌లో అద్దాన్ని పక్క సీట్లో ఉన్నవాళ్లే గమనించాలి, డ్రైవర్ కాదు.

ఇక రిపేర్

1. బేస్: ఒక చేత్తో మిర్రర్ ఊపుతూ ఇంకో చేతి వేలు బేస్ దగ్గర పెట్టండి. డోర్ రేకు కదులుతుంటే లోపలివైపు స్టీల్ ప్లేట్ వేసి బోల్ట్ బిగించాలి. జాయింట్ మాత్రమే కదులుతుంటే నైలాక్ నట్లు వేస్తే సరిపోవచ్చు.

2. రాడ్: వెనక రోడ్డు కనిపించేంత వరకే పొడవు ఉంచండి. పొడవు 20 శాతం తగ్గిస్తే రాడ్ గట్టిదనం దాదాపు రెట్టింపవుతుంది, ఫ్రీక్వెన్సీ సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది. అంటే 27 కాస్తా 38 అవుతుంది. అప్పుడు వణుకు 1,100 ఆర్‌పీఎం దాటాక వస్తుంది. ఇంజన్ అక్కడ ఎక్కువసేపు ఆగదు.

3. సపోర్ట్: పొడవు తగ్గించడం కుదరకపోతే, వెల్డింగ్ షాపులో రెండో రాడ్‌ను ఏటవాలుగా వేయించి త్రికోణంలా చేయించండి.

4. అద్దం: రాడ్ కదలకున్నా గాజు కదులుతుంటే, వెనక డబుల్ సైడ్ ఫోమ్ టేప్ వేయండి.

బేస్ కింద మందపాటి మెత్తని రబ్బరు పెట్టాలనిపిస్తుంది కానీ, మిర్రర్ ఇంకా ఎక్కువ ఊగే ఛాన్స్ ఉంది.

ఇంకో జాగ్రత్త: ఫోన్‌ను మిర్రర్ రాడ్‌కి కట్టి కొలవొద్దు. ఫోన్ బరువు వల్ల రీడింగ్ మారుతుంది. పైగా బైక్ ఇంజన్ల గట్టి వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది.

రిపేర్ అయ్యాక రెండు టెస్ట్‌లూ మళ్లీ చేయండి. తట్టినప్పుడు ఒక ఊపుకి పట్టే ఫ్రేమ్‌లు తగ్గాలి, ఐడిల్‌లో అద్దం కదిలే దూరం తగ్గాలి. రెండూ తగ్గాకే రాత్రి లోడ్‌కి బయల్దేరండి.