యాత్రాదర్శినులు ఎంతవరకు ప్రమాణం?

తీర్థయాత్రకు బయలుదేరే భక్తులు క్షేత్రాల వివరాలు తెలిపే చిన్న పుస్తకాన్ని వెంట తీసుకొని వెళ్లడం పరిపాటి. అందులోని ప్రతి మాటనూ నమ్మవచ్చునా అని పలువురు నన్ను అడుగుతుంటారు. నమ్మదగినవి ఏవో, విచారించి తెలుసుకోదగినవి ఏవో వేరుచేసి చూడడమే ఇందుకు సమాధానమని నా అభిప్రాయం.

మన భాషలో ఇట్టి రచనలకు ఆదర్శప్రాయమైనది ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. వారు 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి, 15 నెలలకు పైగా సంచరించి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారి పొడవునా మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి వ్రాసిన లేఖలు 1838లో గ్రంథంగా వెలువడ్డాయి. ఏ మజిలీలో మంచినీరు ఉన్నది, ఎక్కడ అంగళ్లు ఉన్నవి, బాట ఎట్టిది అన్న సంగతులు అందులో కనిపిస్తాయి. ఆ మజిలీలను అనుసరించి నేడు ఎవరూ కాశీకి వెళ్లరు. కాని ఆ క్షేత్రాలూ నదులూ అక్కడనే ఉన్నాయి. ఒకే గ్రంథంలో కాలంతో మారేవి, మారనివి రెండూ కలిసి ఉంటాయని దీనివల్ల గ్రహించవచ్చు.

ఈ భేదాన్ని తెలుసుకోవడం ఎంత అవసరమో కేదారనాథ్ యాత్ర స్పష్టం చేస్తుంది. 2013 జూన్‌కు పూర్వం ముద్రితమైన పుస్తకాలు గౌరీకుండం నుండి ఆలయానికి కాలిబాట 14 కిలోమీటర్లనీ, దారిలో రాంబాడా వద్ద విశ్రమించవచ్చుననీ చెబుతాయి. ఆ జూన్‌లో వచ్చిన వరదలో రాంబాడా కొట్టుకొనిపోయింది. తరువాత మందాకిని ఆవలి ఒడ్డున కొత్త బాట వేశారు. నడక సుమారు 16 కిలోమీటర్లయింది. సమతల ప్రదేశంలో రెండు కిలోమీటర్లు స్వల్పమే. సుమారు 11,750 అడుగుల ఎత్తున, గాలి పలుచబడిన చోట, వృద్ధులకు అది స్వల్పం కాదు. లేని విడిదిని నమ్ముకొని సాయంకాలం బయలుదేరిన వారి గతి ఏమిటి? ఇట్టి చోట పాత పుస్తకం ప్రాణాపాయానికి కారణం కావచ్చు.

అదే పుస్తకంలో నేటికీ చెక్కుచెదరని విషయాలు కూడా ఉన్నాయి. ఆలయం తెరిచే తేదీని ఏటా మహాశివరాత్రి నాడు ఉఖీమఠంలోని ఓంకారేశ్వరాలయంలో ప్రకటిస్తారు. కార్తిక శుద్ధ విదియ, అనగా భగినీహస్త భోజనం నాడు, తలుపులు మూస్తారు. శీతకాలపు పూజలు ఉఖీమఠంలోనే జరుగుతాయి. తేదీని మాత్రమే అచ్చువేసిన పుస్తకం మరుసటి ఏటికి పాతబడుతుంది. ఈ నియమాన్ని వివరించిన పుస్తకం చాలా కాలం ఉపయోగపడుతుంది.

మన ప్రాంతంలోనూ మార్పులు లేకపోలేదు. శ్రీశైలం కర్నూలు జిల్లాలోనిదని పాత పుస్తకాలు వ్రాశాయి. 2022 ఏప్రిల్ 4 నుండి అది నంద్యాల జిల్లాలోనిది. కృష్ణాతీరంలోని సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో నీరు నిండినప్పుడు మునిగిపోతుంది, నీరు తగ్గినప్పుడే దర్శనమిస్తుంది. జలాశయానికి ముందు వ్రాసిన పుస్తకంలో ఈ సంగతి ఉండదు కదా!

కనుక భక్తులు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, పుస్తకం ఏ సంవత్సరపు ముద్రణమో చూడాలి. పునర్ముద్రణమైనంత మాత్రాన విషయాన్ని సవరించారని భావించరాదు. రెండవది, స్థలపురాణం, ఆచారం, ఏ ఋతువులో వెళ్లాలన్న వివరాలను పుస్తకం నుండి గ్రహించాలి. మూడవది, దర్శన వేళలు, రుసుములు, వసతి, బాట పరిస్థితి, ముందస్తు నమోదు వంటి వాటిని ప్రయాణానికి ముందు ఆయా దేవస్థానం కార్యాలయం నుండి తెలుసుకోవాలి. కేదారనాథ్ యాత్రకు నమోదు తప్పనిసరి.

తిరిగి వచ్చిన తరువాత, మారిన సంగతులను ఆ పుస్తకం అంచులోనే తేదీతో వ్రాసి, వెళ్లబోయే వారికి ఇవ్వండి. వారి యాత్ర సుగమం కావడానికి మీ వంతు సాయం చేసినవారవుతారు. అది కూడా యాత్రాఫలంలో భాగమే.