గృహమున కారు స్టీరియో – రేడియో శ్రవణము: ఒక పరిశీలన

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇక రేడియో ఎందుకని మా విద్యార్థులు మమ్ము తరచుగా ప్రశ్నించుచుందురు. దీనికి సమాధానము తీరప్రాంతమువారికి బాగుగా తెలియును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తు నిలిచిపోయినది. దానితోపాటు సెల్‌ఫోనులును మూగవోయినవి. అట్టి వేళ ఒక బ్యాటరీపై నడచు రేడియో యింట నున్నచో లోకముతో ఒక తీగ తెగక మిగిలియుండును. కారు స్టీరియో 12 వోల్టుల బ్యాటరీపై పనిచేయుటకే నిర్మింపబడిన యంత్రము. పాత కారులనుండి తీసివేసినవి మెకానిక్కుల దుకాణములలో స్వల్పమైన వెలకే దొరకును. కాని కారులో చక్కగా పలికిన ఆ యంత్రమే ఇంటికి వచ్చినంతనే బుసలు కొట్టును. ఇట్లేల జరుగును? దీనిని సరిచేయుట యెట్లు? అను రెండు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

మేము సాహిత్యము బోధించువారమేగాని విద్యుచ్ఛాస్త్రము చదివినవారము కాము. వసతిగృహమున ఒక విద్యార్థి తన మేనమామగారి మెకానిక్కు షాపునుండి తెచ్చిన స్టీరియోను పలికింపలేక విసిగి దానిని పారవేయబోయినపుడు, భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుని సహాయముతో కొన్ని దినములు దానిని పరీక్షించితిమి. అప్పుడు నేర్చినదానిని అందరికిని ఉపయోగపడునను తలంపుతో ఇందు పొందుపరచుచున్నాము.

కారులో ఏమున్నది? ఇంటిలో ఏమి లేదు?

కారుపై నిలిచియుండు ఏరియల్‌ను మాత్రమే మనము గమనింతుము. వాస్తవమునకు అది జంటలో సగభాగమే. రెండవ సగము కారుయొక్క ఇనుప శరీరము. ఏరియల్ తీగయొక్క నడిమి తంతువు పై కడ్డీకిని, చుట్టునున్న అల్లిక కారు శరీరమునకును కలుపబడియుండును. ఈ రెంటి నడుమ పుట్టిన స్వల్ప విద్యుత్తే యంత్రమునకు అందును. స్టీరియోను ఇంటికి తెచ్చినపుడు కడ్డీయు పోయినది, ఇనుప శరీరమును పోయినది. పైగా కాంక్రీటు గోడలలోని ఇనుప ఊచలు తరంగములను అడ్డగించును. ఎల్‌.ఇ.డి. దీపములు, ఫోను చార్జర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు తమవంతు రొదను చేర్చును. అందుచేత దోషము యంత్రమునది కాదు, పరిసరములది.

రొదను గుర్తించు విధానము

వైద్యుడు నాడి చూడక మందు ఇయ్యడు. మనమును మొదట రొద యెట్టిదో వినవలెను. ఎడతెగని ‘స్‌’ అను బుస వినవచ్చినచో తరంగము బలహీనముగా నున్నదని అర్థము. లోపము ఏరియల్‌లో గలదు. ‘గుమ్‌’ అను మ్రోత గాని, సన్నని కీచు గాని వినవచ్చినచో అది విద్యుత్ సరఫరానుండి వచ్చుచున్నదని అనుమానింపవలెను. మాట స్పష్టముగనే యుండి, నడుమనడుమ చిట్లిపోవుచున్నచో ఒకే తరంగము గోడలపై పడి పలు మార్గములలో వచ్చి చేరుచున్నదని తెలిసికొనవలెను.

దీనిని నిర్ధారించుటకు సులభమైన పరీక్ష యొకటి గలదు. అడాప్టరును తీసివేసి యంత్రమును 12 వోల్టుల బ్యాటరీకి కలుపుడు. రొద మాయమైనచో దోషము అడాప్టరుది. మాయము కానిచో గదిలోని దీపములను, చార్జర్లను ఒక్కొక్కటిగా ఆర్పి చూడుడు. ఒక పర్యాయము ఒక మార్పునే చేయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో ఏది ఫలించెనో తెలియదు. మా విద్యార్థి ఏరియల్‌ను, అడాప్టరును, స్థలమును ఒక్కదినముననే మార్చి, ఏమియు తేలక యంత్రమునే నిందించెను.

విద్యుత్ సరఫరా

సాధారణముగా స్టీరియో వెనుకనుండు తీగలలో పసుపు తీగ జ్ఞాపకశక్తికి, ఎఱ్ఱ తీగ తాళముచెవి త్రిప్పినపుడు వచ్చు విద్యుత్తుకు, నల్ల తీగ ఋణధ్రువమునకు ఉద్దేశింపబడినవి. ఇంటిలో పసుపును, ఎఱ్ఱను కలిపి ధనధ్రువమునకు చేర్పవలెను. పసుపు తీగను విడిచినచో యంత్రము పలుకదు. లేదా పలికినను, ఆపినప్పుడెల్ల నిలువ చేసిన స్టేషనులను మరచిపోవును. రంగులు యంత్రమునుబట్టి మారవచ్చును గనుక పైనున్న చీటీని చదివియే కలుపవలెను. ధన తీగపై ఫ్యూజు తప్పనిసరి.

నీలి తీగయొకటి గలదు. కొన్ని కారులలో ఏరియల్ మొదట చిన్న యాంప్లిఫయరు ఉండును. దానికి విద్యుత్తు ఈ తీగద్వారానే పోవును. అట్టి ఏరియల్‌ను ఊడదీసి తెచ్చి, విద్యుత్తు నీయక వాడినచో అది మామూలు తీగముక్క కన్నను హీనముగా పనిచేయును. ఆ తీగ అవసరము లేనపుడు దాని కొనకు టేపు చుట్టి ఉంచవలెను. నల్ల తీగకు తగులనీయరాదు.

ఎఫ్‌.ఎం. కొరకు ఏరియల్

ఏరియల్ పొడవు మన యిష్టమునుబట్టి నిర్ణయింపదగినది కాదు. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించినచో తరంగదైర్ఘ్యము మీటర్లలో వచ్చును. 100 మెగాహెర్ట్జులకు ఇది 3 మీటర్లు. అందులో నాలుగవ వంతు 75 సెంటీమీటర్లు. పాత కారుల కడ్డీలు ఇంచుమించుగా ఈ పొడవున నుండుట కాకతాళీయము కాదు. తీగలో తరంగము స్వల్పముగా మందగించును గనుక నూటికి ఐదు వంతులు తగ్గించి 71 సెంటీమీటర్లు తీసికొనుట మంచిది.

71 సెంటీమీటర్ల రాగి తీగలు రెండు తీసికొని, ఒకే గీతపై ఎదురెదురుగా కఱ్ఱకు బిగింపుడు. నడుమ టీవీ కేబులుయొక్క లోపలి తంతువును ఒక తీగకును, పై అల్లికను రెండవ తీగకును కలుపుడు. కేబులు రెండవ కొనకు కారు ఏరియల్ ప్లగ్గును అమర్చుడు. ఇందు రెండవ తీగ కారు శరీరము చేయు పనిని చేయును. దీనిని కిటికీ వెలుపల గాని, మేడపై గాని ఉంచి, అడ్డముగను నిలువుగను త్రిప్పి చూడవలెను. అడ్డముగ నున్నపుడు దాని పార్శ్వము స్టేషను వైపునకు ఉండవలెనే గాని కొన కాదు.

ఎత్తు ఏల అవసరము? ఎఫ్‌.ఎం. తరంగములు దాదాపుగా దృష్టిరేఖలో పయనించును. స్తంభముయొక్క ఎత్తును, మన ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసికొని, వాని వర్గమూలములను కూడి 4.12చే గుణించినచో ఆ రేఖ చేరు దూరము కిలోమీటర్లలో వచ్చును. స్తంభము 100 మీటర్లు, మన ఏరియల్ 4 మీటర్లు ఉన్నచో ఇది సుమారు 49 కిలోమీటర్లు. ఏరియల్‌ను 9 మీటర్లకు ఎత్తినచో సుమారు 54 కిలోమీటర్లు. దూరము పెరిగినది స్వల్పమే. అయినను గోడలను, చెట్లను, ఇంటి రొదను దాటి పైకి పోవుటచే కలుగు లాభము అంతకంటె మిక్కుటము. బజారులో దొరకు బూస్టరును చివరి ప్రయత్నముగా మాత్రమే వాడవలెను. అది పాటతోపాటు రొదను కూడ పెంచును.

మధ్యమ తరంగముల విషయము

ఇచట న్యాయము వేఱు. హైదరాబాదు కేంద్రమునకు చిరకాలము వాడుకలో నున్న 738 కిలోహెర్ట్జులకు తరంగదైర్ఘ్యము 406 మీటర్లు; నాలుగవ వంతే నూరు మీటర్లు దాటును. ఇంటిపై అంత తీగ కట్టుట సాధ్యము కాదు. చిన్న ట్రాన్సిస్టరులలో ఫెర్రైట్ కడ్డీయొకటి లోపలనే ఉండును. కారు స్టీరియోలో అది లేదు. కావున వెలుపల కొన్ని మీటర్ల తీగను కట్టి ఏరియల్ రంధ్రముయొక్క నడిమి భాగమునకు కలుపవలెను. పై అల్లికను భూమిలో పాతిన లోహపు కడ్డీకి కలుపవలెను. ఎఫ్‌.ఎం.కు మేలు చేసిన పొడవైన టీవీ కేబులు మధ్యమ తరంగములను క్షీణింపజేయును. ఒకే ఏరియల్ రెంటికిని సరిపోదని గ్రహింపవలెను.

పరదేశపు యంత్రములు

విదేశములనుండి బంధువులు తెచ్చిన స్టీరియోలు కొన్ని ఎంత మంచి ఏరియల్ పెట్టినను మన స్టేషనులను పట్టవు. మన దేశమున మధ్యమ తరంగముల స్టేషనుల నడుమ 9 కిలోహెర్ట్జుల దూరము, అమెరికాలో 10. అచటి అమరికలో 730, 740 అంకెలు వచ్చునుగాని 738 రాదు. ఎఫ్‌.ఎం.లోను అచటి అంకెలు 101.9, 102.1 అను రీతిని బేసిగా నడచును. హైదరాబాదు వివిధభారతి 102.8 వానికి అందదు. పెక్కు యంత్రములలో ప్రాంతమును మార్చుకొను ఏర్పాటు ఉండును. జపానునుండి వచ్చిన పాత స్టీరియోలు 76నుండి 90 మెగాహెర్ట్జుల వఱకే వినును. ఇట్టివానిని కొనకముందే చూచుకొనవలెను.

ప్రాణరక్షణ

మా వ్యాసమున ముఖ్యమైన భాగమిదియే. మా విద్యార్థి ఒకనాటి సాయంకాలము మేడపై తీగను విసరుచుండగా దాని కొన విద్యుత్తు లైనుకు మూరెడు దూరమున ఆగినది. కావలివాడు కేక వేయకుండినచో ఏమి జరిగియుండునో తలంచుటకే భయము కలుగుచున్నది. విద్యుత్తు తీగలకు పైన గాని క్రింద గాని ఏరియల్ కట్టరాదు. ఎర్తు కొరకని గోడలోని ప్లగ్గు రంధ్రములలో తీగను దూర్చరాదు. మబ్బు పట్టి ఉరుము వినబడకముందే వెలుపలి ఏరియల్‌ను యంత్రమునుండి తొలగింపవలెను. ఆపై స్టీరియోకు ఒక మీటరు తీగ చాలును. బ్యాటరీని గాలి ఆడు చోటనే చార్జి చేయవలెను. ఏ స్టేషనును ఒక ప్రాణమునకు సరితూగదు.

ఉపసంహారము

స్టీరియో శబ్దము తగ్గించి వినునపుడు సుమారు 1 ఆంపియరు తీసికొనునని అనుకొన్నచో, 35 ఆంపియర్-గంటల కారు బ్యాటరీలో సగము వాడినను 17 గంటలు వినవచ్చును. గంటకు పది నిమిషముల చొప్పున వార్తలకు మాత్రమే వాడినచో అది నాలుగు దినములు దాటి వచ్చును. తుపాను వచ్చిన పిదప ఏరియల్ కట్టుటకు పూనుకొనుట తెలివి కాదు. మీ ఊరిలో ఏ కేంద్రము ఏ అంకెపై వినబడుచున్నదో నేడే పరీక్షించి గోడపై వ్రాసికొనుడు.

వసతిగృహములోని ఆ స్టీరియో నేడు చదువుగదిలో నున్నది. సాయంకాలము తెలుగు వార్తలు, పిదప ఉర్దూ కార్యక్రమము విద్యార్థులు కలిసి వినుచున్నారు. దానిని పారవేయబోయిన విద్యార్థియే ఇపుడు క్రొత్తవారికి తరంగదైర్ఘ్యపు లెక్కను తెలుగులో వివరించుచున్నాడు. విన్నవారిలో కొందఱు దానినే ఉర్దూలో చెప్పుకొనుచున్నారు. శాస్త్రము మాతృభాషలో చేతికి వచ్చినపుడే అది మనదగును. ఈ పద్ధతిని మన విద్యార్థులు తమ ఊళ్ళకు కొనిపోవుదురుగాక యని ఆశించుచున్నాము.