ముళ్ల నేల మీద మూడు రోజులు

ప్రశ్న: రద్దీ లేని పల్లె రోడ్ల మీద రెండు మూడు రోజులు సైకిల్ తొక్కాలని ఉంది. అనంతపురం వైపు వెళ్లొచ్చా? అంతా ఎండ, కరువు అంటున్నారు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తప్పకుండా వెళ్లండి. కాకపోతే డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎదురైతే పెడల్ కదలదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు.

మొదటిసారి 44వ నంబరు జాతీయ రహదారి జోలికి పోకండి. హిందూపురంలో మొదలుపెడితే తూర్పుగా 15 కిలోమీటర్లలో లేపాక్షి. ఆ పైన చిలమత్తూరు మండలం వీరాపురం. జనవరి తర్వాతైతే ఊళ్లోని చెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని కనిపిస్తాయి. గోరంట్ల మీదుగా కదిరి చేరితే, మరో 25 కిలోమీటర్లలో 1989లో గిన్నిస్‌కెక్కిన తిమ్మమ్మ మర్రిమాను. ఆ నీడలో ఒక పూట ఆగండి. ఇవన్నీ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

ఇక్కడ ఎండకంటే ముల్లే పెద్ద శత్రువు. సర్కారు తుమ్మ ముల్లు టైరులో దిగి, మొన విరిగి లోపలే ఉండిపోతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. అందుకే టైరు లోపలంతా పాత గుడ్డతో నెమ్మదిగా తుడవండి. దారం పట్టుకున్న చోటే ముల్లుంటుంది. రెండు ట్యూబులు, మూడు లీటర్ల నీళ్లు దగ్గరుంచుకోండి. పొద్దున ఏడింటికల్లా ఉగ్గాని, బజ్జీ తినేసి బయల్దేరితే పదకొండు లోపు నలభై కిలోమీటర్లు హాయిగా పోవచ్చు.