గాయపడిన వెన్ను, ఆగని సాధన

కళరిప్పయట్టు కేరళీయుల ప్రాచీన యుద్ధవిద్య. సంప్రదాయానుసారం దీని శిక్షణాస్థలమైన కళరి 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు గల మట్టి ప్రాంగణం. విద్యార్థి మొదట మెయ్‌త్తారిలో దేహాన్ని సిద్ధపరచుకొని, పిమ్మట కోల్తారిలో కర్రలను, అంకత్తారిలో లోహాయుధాలను అభ్యసిస్తాడు. వడకరకు చెందిన మీనాక్షి అమ్మ డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత కూడ ఈ విద్యను బోధిస్తూ 2017లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు.

ఎగిరి తన్నడం, నడుమును లోతుగా వంచడం ఈ విద్యలో సాధారణం. మరి వెన్ను గాయపడిన విద్యార్థి సాధన మానివేయవలెనా? సాధారణమైన నడుమునొప్పికి దీర్ఘకాలం మంచాన ఉండడం మేలు చేయదు. కదలిక లేని కండరాలు బలహీనమై వెన్నెముకకు తగిన ఆసరా ఇవ్వలేవు. అలాగని నొప్పిని లెక్కచేయక దూకడమూ అవివేకమే.

ఇందుకు మధ్యేమార్గం చైనా యుద్ధవిద్య తైచీలో కనిపిస్తుంది. అందులో శరీరభారాన్ని ఒక పాదం నుండి మరొక పాదానికి మెల్లగా మార్చుతూ, శ్వాసను కదలికతో జతపరుస్తారు. దీర్ఘకాలిక నడుమునొప్పికి మందులకంటె ముందుగా ప్రయత్నించదగిన పద్ధతులలో తైచీని, యోగాభ్యాసాన్ని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో పేర్కొన్నది.

కళరి విద్యార్థికీ ఈ సూత్రం వర్తిస్తుంది. వైద్యుని సలహా పొంది, గురుక్కళ్ పర్యవేక్షణలో, దూకుళ్ళను, లోతైన వంపులను విడిచి, నిలుకడను, అడుగుల అమరికను, శ్వాసను నెమ్మదిగా అభ్యసించవచ్చు. నొప్పి కాలిలోనికి పాకితే అభ్యాసం ఆపవలెను. కాళ్ళు మొద్దుబారి పట్టు తప్పినా, మూత్రవిసర్జనపై అదుపు పోయినా తక్షణమే ఆసుపత్రికి వెళ్ళవలెను.

ప్రత్యర్థి కదలికను గమనించడం నేర్చిన విద్యార్థి ఈ దశలో తన దేహపు కదలికను గమనించడం నేర్చుకొంటాడు. అదీ ఆ విద్యలోని పాఠమే.