బాలుర చదువు – తల్లిదండ్రుల శ్రద్ధ – పంచాయతీ బాధ్యత

విత్తనము చల్లిన రైతు పైరును వానకు వదలి ఇంట కూర్చుండడు. కలుపు తీయించును, కావలి కాయును. బిడ్డను బడిలో చేర్పించిన తల్లిదండ్రులు మాత్రము తమ పని తీరినదనియు, మిగిలినది ఉపాధ్యాయుని బాధ్యతయే యనియు తలచుట మన పల్లెలలో కద్దు. ఇది సరికాదు. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ ఆధ్వర్యమున సుమారు 4,000 పాఠశాలలను పరిశీలించి వెలువరించిన నివేదిక, బడి వసతులలోని తేడాల కంటె ఇంటి పరిస్థితులే విద్యార్థుల ఫలితములపై ఎక్కువ ప్రభావము చూపుచున్నవని తెల్పినది.

మద్దికెర, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల వారు ఈ విషయమును ప్రత్యేకముగ గమనింపవలెను. ఇచ్చటి సేద్యము చాలవరకు వానపై ఆధారపడినది. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతము. స్త్రీలలో సుమారు 50 శాతము మాత్రమే.

సుగ్గి కాలపు చిక్కు

ఖరీఫు పంట తీసిన పిమ్మట కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మొదలగు మండలముల నుండి అనేక కుటుంబములు ప్రత్తి తీతకును, మిరప కోతకును గుంటూరు ప్రాంతమునకు తరలిపోవుచుండును. దీనినే సుగ్గికి పోవుట యందురు. బిడ్డలను వెంట తీసికొని పోయినచో, తిరిగి వచ్చునప్పటికి పాఠములు ఎంతో ముందుకు సాగియుండును. తీసివేతలు రాని బాలునకు భాగహారము బోధపడదు. బోధపడని తరగతిలో కూర్చుండుటకు సిగ్గుపడి బడి మానును. ఆడుబిడ్డయైనచో తమ్ముని ఎత్తుకొనుటకు, వంట చేయుటకు ఇంటనే నిలిచిపోవును. ఊరిలో కూలి దొరకక పోవుచున్న తల్లిదండ్రులను నిందించి ప్రయోజనము లేదు. వారి బిడ్డలకు ఊరిలోనే నీడ చూపవలెను.

చదువు రాని తల్లి ఏమి చేయగలదు?

చాల చేయగలదు. వేళకు బడికి పంపుట, పంటపనికని బడి మాన్పింపకుండుట, రాత్రిపూట పుస్తకము తెరిపించి "ఈ దినము ఏమి చెప్పినారు?" అని అడుగుట, నెలకొకమారు ఉపాధ్యాయుని కలసికొనుట – వీనికి అక్షరజ్ఞానము అక్కరలేదు. రాజస్థాన్, బీహార్ గ్రామములలో తల్లులకు అక్షరములు నేర్పియు, బిడ్డల చదువులో పాల్గొనుటను అలవాటు చేసియు జరిపిన పరిశోధనలో బిడ్డల లెక్కల జ్ఞానము కొంత మెరుగుపడినది. మేలు స్వల్పమే యైనను, అది బీద ఇండ్లలో కలిగిన మేలు.

చట్టము చెప్పునది

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము స్థానిక సంస్థలపై స్పష్టమైన బాధ్యత నుంచినది. తమ పరిధిలోని 14 ఏండ్ల లోపు బాలబాలికల వివరములు నమోదుచేయుట, వారి హాజరు గమనించుట, వలస కుటుంబముల బిడ్డలను బడిలో చేర్పించుట ఇందులోనివే. బదిలీ పత్రము ఆలస్యమైనదను కారణముతో ఏ ప్రభుత్వ పాఠశాలయు బిడ్డను నిరాకరింపరాదు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. మొత్తము సభ్యులలో సగము మంది స్త్రీలుండవలెను.

సభ్యులు చేయదగిన పనులు

1. సుగ్గికి ముందే, ఏ యింటి బిడ్డలు వెళ్లనున్నారో వార్డువారీగ జాబితా వ్రాయవలెను.

2. అవ్వ తాతల వద్ద నిలువగల వారిని నిలిపి, అట్టి ఆసరా లేనివారికి వలస కాలపు వసతి గృహము కొరకు మండల విద్యాశాఖాధికారిని ముందుగనే కోరవలెను.

3. వెంట వెళ్లక తప్పనివారిని అచ్చటి బడిలో చేర్పింపుమని తల్లిదండ్రులకు చెప్పి, ప్రధానోపాధ్యాయునిచే పత్రము లిప్పింపవలెను.

4. కమిటీ సమావేశములను కూలివారు రాగల సాయంకాల వేళ జరిపింపవలెను.

2024 డిసెంబరు 7న రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలలో ఒకే దినమున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినవి. అట్టి సభ ఏడాదికొక పండుగగ ముగిసిపోక, ప్రతి నెలయు జరుగు అలవాటు కావలెను. ఊరిలో ఎందరు బడిలో చేరిరి అనుట కంటె, సుగ్గి ముగిసిన నాటికి ఎందరు నిలిచిరి అనుటయే పంచాయతీ పనికి సరియైన కొలత.